స్నేహితుడి కోసం ముప్పై ఒకటో ఏట రూన్‌స్కేప్ మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఒక అమెరికా కంపెనీకి ఇంటి నుంచే సపోర్ట్ ఉద్యోగం చేస్తాను. సాయంత్రం ఆరున్నరకు కూర్చుంటే రాత్రి మూడున్నరకు లేస్తాను. ఇంజినీరింగ్‌లో నా రూమ్మేటు ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాడు. హాస్టల్లో ల్యాన్ కేబుళ్లు లాక్కుని తెల్లవార్లూ కౌంటర్ స్ట్రైక్ ఆడినోళ్లం. ఇప్పుడు ఫోన్ చేసుకుంటే "అంతా బాగేనా, పిల్లలు బాగేనా" దగ్గరే మాట ఆగిపోతోంది. వాడు ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అని ఒక ఆట ఆడతాడట. నన్నూ రమ్మంటున్నాడు, దాని నెల చందా, అదే మెంబర్‌షిప్, తనే ఇప్పిస్తానంటున్నాడు. యూట్యూబ్‌లో చూస్తే బొమ్మలు మరీ నాసిగా ఉన్నాయి. మా ఆవిడ "అది కూడా ఆన్‌లైన్ రమ్మీ లాంటిదే, వద్దు" అంటోంది. పాపకు రెండేళ్లు. ఇందులో అంత ఏముంది? నేను మొదలుపెట్టొచ్చా?

సమాధానం: మొదలుపెట్టండి. కాకపోతే మీ స్నేహితుడు అనుకుంటున్న పద్ధతిలో వద్దు. ఆయన మెంబర్‌షిప్ ఇప్పించి, తన దగ్గర పడున్న కవచాలు, కత్తులు, బంగారం మీ ఒళ్లో పోసి, "రారా, పెద్ద బాసుల్ని కొడదాం" అంటాడు, బాసులంటే ఆటలోని భారీ శత్రువులు. ప్రేమతోనే అంటాడు. కానీ ఈ ఆటలో చేతికి ఊరికే వచ్చిన వస్తువుకు విలువ లేదు. ఆ పద్ధతిలో వెళ్తే నెల తిరక్కుండా మీరు మానేస్తారు, ఆయన చిన్నబుచ్చుకుంటాడు.

ముందు ఆ బొమ్మల సంగతి. అవి అలా ఉండటం చేతగాక కాదు, ఆడేవాళ్లు పట్టుబట్టి అలా ఉంచుకున్నారు. రూన్‌స్కేప్ అనే ఈ ఆన్‌లైన్ ఫాంటసీ ఆట 2001 జనవరిలో ఇంగ్లండులో పుట్టింది. ఆండ్రూ గోవర్ అనే కేంబ్రిడ్జి కుర్రాడు తన అన్నదమ్ములతో కలిసి తయారుచేశాడు. తర్వాత జాగెక్స్ అనే కంపెనీ అయింది. బ్రౌజర్లోనే నడిచేది కాబట్టి స్కూలు కంప్యూటర్లలో కూడా పిల్లలు ఆడేసేవాళ్లు. 2012 నవంబరులో కంపెనీ పోరాట పద్ధతిని మొత్తం మార్చేసింది. అప్పటిదాకా ఒక క్లిక్ చేసి చూస్తూ కూర్చునే యుద్ధం, ఒక్కసారిగా వరసబెట్టి బటన్లు నొక్కే యుద్ధం అయిపోయింది. జనం తిట్టుకుంటూ వెళ్లిపోయారు. అదృష్టవశాత్తూ 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఒకటి కంపెనీ దగ్గర మిగిలింది. "ఇది తిరిగి తెమ్మంటారా?" అని ఓటింగ్ పెడితే దాదాపు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాయి. 2013 ఫిబ్రవరిలో ఆ పాత ఆటనే మళ్లీ తెరిచారు. మీ స్నేహితుడు ఆడేది అదే. కొత్త పోరాట పద్ధతి పెట్టిన ఆట రూన్‌స్కేప్ 3 పేరుతో పక్కన వేరుగా నడుస్తోంది. పాతదే ఎక్కువమంది ఆడతారు.

నాసి బొమ్మల వల్ల మీకో లాభం ఉంది. పాత ల్యాప్‌టాప్‌లోనూ హాయిగా నడుస్తుంది. 2018 అక్టోబరు నుంచి ఫోన్‌లోనూ ఉంది. కంప్యూటర్లో ఆపిన చోటు నుంచే ఫోన్‌లో ఆడుకోవచ్చు, అకౌంటు ఒకటే.

ఇక అసలు విషయం. ఈ ఆటకున్న గొప్ప గుణం నిదానం. ఇందులో జరిగేదంతా 0.6 సెకన్ల లెక్కన జరుగుతుంది. ఆడేవాళ్లు దీన్ని టిక్ అంటారు. మీరు నొక్కింది వెంటనే జరగదు, తర్వాతి టిక్‌కు జరుగుతుంది. కౌంటర్ స్ట్రైక్ చేతులతో చూస్తే మొదటిరోజు ఇది నత్తనడకలా ఉంటుంది. కానీ హనుమకొండ నుంచి విదేశీ సర్వర్‌కు పోయి రావడానికి పట్టే సమయం, అంటే పింగ్, 150 మిల్లీసెకన్లు వచ్చినా, 250 వచ్చినా ఈ నడకలో కలిసిపోతుంది. షూటింగ్ ఆటలో అంత పింగ్ ఉంటే మీరు తల బయటపెట్టకముందే చచ్చిపోతారు. సర్వర్లను ఇక్కడ వరల్డ్ అంటారు, ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది, అది ఏ దేశంలో ఉందో జాబితాలోనే కనిపిస్తుంది. ఇద్దరికీ మధ్యేమార్గంగా యూకే వరల్డ్ ఒకటి ఎంచుకోండి.

పింగ్ కన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. ఈ ఆటలో సగం పని కళ్లతో కాదు, ఓపికతో చేసేది. డ్రేనర్ అనే ఊళ్లో బ్యాంకు పక్కనే విల్లో చెట్లు ఉంటాయి. గొడ్డలితో ఒకసారి నొక్కితే మనిషి కాసేపు తనంతట తాను కొడుతూనే ఉంటాడు. బార్బేరియన్ విలేజ్ దగ్గర ఏట్లో గాలం వేస్తే ఒకదాని తర్వాత ఒకటి చేపలు పడుతుంటాయి. సంచి నిండినప్పుడు మళ్లీ ఓ రెండు మూడు క్లిక్కులు. ఈ మధ్యలో చేతికీ నోటికీ పని లేదు. హాస్టల్ మెట్ల మీద ప్లేటు పట్టుకుని కూర్చుంటే పనిగట్టుకుని మాట్లాడక్కర్లేకుండానే మాటలు దొర్లేవి చూడండి, అదే ఇక్కడా. ఫోన్ కాల్‌లో మౌనం వస్తే ఇబ్బందిగా ఉంటుంది, ఎవరో ఒకరు "సరేరా, ఉంటా" అనేస్తారు. చేపలు పడుతున్నప్పుడు వచ్చిన మౌనానికి ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. మీరు రాసిన ఇబ్బంది అదే కాబట్టి, ఇంతకన్నా మెరిసే ఆటలు ఎన్ని ఉన్నా మీ ఇద్దరికీ నేను దీన్నే చెబుతాను. వాయిస్ కాల్ మాత్రం విడిగా పెట్టుకోండి. ఆటలోని చాట్‌లో తెలుగు లిపి పడదు, "em chestunnav ra" పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టుకోవాల్సిందే.

క్వెస్టులు ఈ ఆటకు ప్రాణం. మిగతా ఫాంటసీ ఆటల్లో క్వెస్ట్ అంటే "పది తోడేళ్లను చంపి రా" అని ఉంటుంది. ఇక్కడ ఒక్కోటీ విడిగా రాసిన చిన్న కథ, చాలావాటిలో బ్రిటిష్ వాళ్ల చమత్కారం. మొట్టమొదటిదాన్లో మీరు లోకాన్ని రక్షించరు. లంబ్రిడ్జ్ కోటలో వంటవాడు దొరగారి పుట్టినరోజు కేకుకు సరుకులు తేవడం మర్చిపోయి ఏడుస్తుంటాడు. మీరు వెళ్లి గుడ్డు ఏరి, ఆవు పాలు పితికి, గోధుమలు కోసి గాలిమరలో పిండి పట్టించి తేవాలి. ఇంకోటుంది, వన్ స్మాల్ ఫేవర్. ఒకాయన చిన్న సాయం అడుగుతాడు. దానికోసం వెళ్తే అక్కడివాడు ఇంకో చిన్న సాయం అడుగుతాడు, వాడి కోసం మరొకడి దగ్గరకు, అలా లోకమంతా తిప్పి చంపుతారు. ఆఫీసులో సపోర్ట్ టికెట్లు చూసే మీకు అది ఎవరికన్నా బాగా అర్థమవుతుంది.

ఇక్కడో చిక్కుంది. అంతా ఇంగ్లిషులో చదవాలి, పాత్రలు నోరు విప్పి చెప్పే మాటలు దాదాపు లేవు. చదివే ఓపిక లేనివాళ్లు రూన్‌లైట్ అనే ప్రోగ్రాంలో క్వెస్ట్ హెల్పర్ పెట్టుకుంటారు. రూన్‌లైట్ బయటివాళ్లు చేసిందే అయినా కంపెనీ అనుమతి ఉన్నదే. అది బాణం గుర్తులు చూపిస్తుంది, మీరు నొక్కుకుంటూ పోతారు, కథ ఏమిటో తెలీకుండానే క్వెస్ట్ అయిపోతుంది. మీ స్నేహితుడు మొదటిరోజే అది పెట్టుకోమంటాడు. ఓ పది క్వెస్టులయ్యేదాకా పెట్టుకోకండి. ఇరుక్కుంటే ఆయన్నే అడగండి. అడగడానికి ఒక విషయం దొరకడమే కదా మీకు కావాల్సింది.

ఇప్పుడు లోపాలకు వద్దాం. మొదటి లోపం మళ్లీ ఆ నిదానమే. ఇందులో చెట్లు కొట్టడం, వంట, మంత్రవిద్య, దొంగతనం ఇలా 24 విద్యలున్నాయి. ఇరవై నాలుగోది ఓడ నడపడం, 2025 నవంబరులో వచ్చింది. ఒక్కో విద్యలో 99 లెవల్‌కు వెళ్లాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ, అంటే అనుభవం పాయింట్లు, కావాలి. మొదట్లో నిమిషాల్లో లెవళ్లు పెరిగిపోతుంటే ఇదెంత అనిపిస్తుంది. 92వ లెవల్‌కు చేరినప్పుడు "ఇక ఏడే" అని సంబరపడతారు. కానీ లెక్క చూస్తే అది సరిగ్గా సగం దూరం. చివరి ఏడు లెవళ్లకు మొదటి తొంభై రెండింటికి పట్టినంత పని మిగిలుంటుంది. ఇలాంటివి ఇరవై నాలుగు. మధ్యలో ఎవరూ మిమ్మల్ని "ఇక చాలు" అనరు. ఏళ్లకేళ్లు ఆడినవాళ్లు ఉన్నారు, వాళ్లు సంతోషంగానే ఉన్నారు, కాకపోతే వాళ్లలో చాలామంది ఇంట్లో రెండేళ్ల పాప లేని రోజుల్లో మొదలుపెట్టారు.

రెండోది, అదృష్టం. బాసుల నుంచి మంచి వస్తువు పడటం పాచికల లెక్క. ఉదాహరణకు వోర్కాత్ అనే డ్రాగన్‌ను కొడితే పెంపుడు డ్రాగన్ పిల్ల దొరికే అవకాశం 3,000కు ఒకటి. అంటే 3,000 సార్లు కొడితే వచ్చి తీరుతుందని కాదు. అన్నిసార్లు కొట్టాక కూడా ప్రతి వందమందిలో దాదాపు 37 మందికి రాకుండానే ఉంటుంది. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అనిపించే ఆ గుంజుడు జూదంలోదే, దాన్ని వేరే పేరుతో పిలవడం నాకిష్టం లేదు. మీ ఆవిడ భయంలో ఉన్న నిజం ఇంతవరకు.

మిగతాది అలా కాదు. రమ్మీలో డబ్బు పందెం కాస్తారు, గెలిస్తే డబ్బొస్తుంది, అందుకే తెలంగాణ 2017లోనే దాన్ని నిషేధించింది. ఇక్కడ మీరు కట్టేది నెల చందా, అది పందెంలో పోయేదీ కాదు, గెలిస్తే తిరిగొచ్చేదీ కాదు. రూన్‌స్కేప్ 3లో డబ్బు పెట్టి తెరిచే నిధిపెట్టెలు ఏళ్లపాటు నడిచాయి. ఓల్డ్ స్కూల్‌లోకి వాటిని రానివ్వలేదు. అయితే చరిత్ర మరీ కడిగిన ముత్యమేమీ కాదని కూడా ఆమెకు చెప్పండి. ఇందులో డ్యూయల్ అరీనా అని ఉండేది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఆట బంగారం పందెం కాసి కొట్టుకునేవాళ్లు, కొందరు ఆ బంగారాన్ని బయట అసలు డబ్బుకు అమ్మేవాళ్లు. చాలా ఏళ్లు చూస్తూ ఊరుకున్నాక 2022లో దాన్ని ఎత్తేశారు. ఇప్పటికీ బంగారం బయట అమ్మడం, కొనడం నిబంధనలకు విరుద్ధం, దొరికితే అకౌంటు పోతుంది.

కంపెనీ తనే పెట్టిన సక్రమమైన దారి ఒకటుంది, బాండు. డబ్బిచ్చి కొన్న బాండును ఆటలో ఇంకొకరికి ఇవ్వొచ్చు, అమ్మి బంగారం చేసుకోవచ్చు, లేదా వాడుకుంటే 14 రోజుల మెంబర్‌షిప్ వస్తుంది. మీ స్నేహితుడు ఇస్తానన్నది బహుశా ఇదే. తీసుకోండి, మొహమాటం అక్కర్లేదు, కానీ ఇప్పుడే కాదు. ఆ 14 రోజులు మీరు ఆడినా ఆడకపోయినా గడిచిపోతాయి. కాబట్టి అది దసరాకో సంక్రాంతికో సెలవులు పెట్టుకున్నప్పుడు వాడుకోవాలి. అప్పటిదాకా ఉచిత భాగం మీకు చాలు. అందులో 15 విద్యలు ఉంటాయి, చివర్లో డ్రాగన్ స్లేయర్ అనే క్వెస్ట్ ఉంటుంది. మ్యాపు ముక్కలు మూడూ సంపాదించి, ఓడ కొని, క్రాండోర్ దీవికి వెళ్లి ఎల్వార్గ్ అనే డ్రాగన్‌ను చంపాలి. అది పూర్తి చేశాక కూడా మీకు ఆడాలనిపిస్తే మెంబర్‌షిప్ మాట ఎత్తండి. మెంబరైన రోజే వాటర్‌ఫాల్ క్వెస్ట్ చేయండి. అందులో కత్తి తీయకుండానే అటాక్, స్ట్రెంగ్త్ రెండూ ఒకటో లెవల్ నుంచి ముప్పైకి ఎగురుతాయి. ఈ చిట్కా మీ ఫ్రెండుకూ తెలుసు, ముందే చెప్పాననండి.

బాండు తీసుకోమన్నాను గానీ బంగారం, కవచాలు తీసుకోవద్దంటాను. ఈ ఆటలో మొదటి మూడు నెలల ఆనందమంతా లేమిలోనే ఉంది. ఇనప కత్తి నుంచి స్టీలు కత్తికి వెళ్లిన రోజు పండగలా ఉంటుంది. మొదటిరోజే ఆయన ఖరీదైనది చేతిలో పెడితే ఆ మెట్లన్నీ పోతాయి. ఆయన లెవల్ ఎక్కడో ఉంటుంది, మీరు ఇక్కడ కోళ్లను కొడుతుంటారు. కలిసి ఆడదామని వచ్చి, ఆయన వెనక తోకలా తిరగాల్సి వస్తుంది. కొత్తగా చేరినవాడికీ పాతవాడికీ మధ్య ఈ అగాధం ఇలాంటి ఆటలన్నిట్లో ఉన్నదే, ఇందులో మరీ లోతు.

దీనికి ఒక విరుగుడు ఉంది, గ్రూప్ ఐరన్‌మ్యాన్. 2021లో వచ్చింది. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఒక జట్టుగా కొత్త అకౌంట్లతో సున్నా నుంచి మొదలుపెట్టాలి. బయటివాళ్ల దగ్గర ఏదీ కొనకూడదు, అమ్మకూడదు. గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అని అందరూ సరుకులు కొనుక్కునే పెద్ద బజారు ఉంటుంది, అది కూడా మీకు మూతే. కావాల్సిందంతా మీరే చేసుకోవాలి, జట్టుకు ఉమ్మడి పెట్టె ఒకటి ఉంటుంది. మీరు డ్యూటీ అయ్యాక కాసిని చేపలు పట్టి అందులో వేస్తే, ఆయన డాలస్‌లో సాయంత్రం తెరిచి వండుకుంటాడు. ఇద్దరూ ఒకేసారి ఆన్‌లైన్ లేని రోజుల్లో కూడా ఒకరి పని ఒకరికి అందుతుంది. మీ పరిస్థితికి ఇంతకన్నా అతికే పద్ధతి నాకు కనబడదు. దీనికీ ఓ ముల్లుంది. ఒకడు మానేస్తే రెండోవాడికి కాలు విరిగినట్టే. అందుకే ముందు ఒక నెల మామూలు ఉచిత అకౌంటుతో ఆడి చూడండి. నెల తర్వాత కూడా ఇద్దరికీ ఇష్టమైతే, "నీ పెద్ద అకౌంటు పక్కన పెట్టి నాతో మళ్లీ మొదలుపెడతావా?" అని అడగండి. పాత ఆటగాళ్లకు అలా అడిగితే భలే ఇష్టం, ఎగిరి గంతేస్తారు.

వేళల గురించి మాత్రం కాస్త గట్టిగా చెబుతాను. డాలస్‌లో రాత్రి తొమ్మిదైతే మనకు ఎండాకాలం ఉదయం ఏడున్నర, చలికాలం ఎనిమిదిన్నర. మూడున్నరకు డ్యూటీ దిగిన మనిషి ఆ వేళకు నిద్రలో ఉండాలి. వారం మధ్యలో ఆయన కోసం మేలుకోకండి. ఆయనకు శనివారం రాత్రంటే మీకు ఆదివారం పొద్దున. పాప లేచేలోపు ఒక గంటన్నర, అంతే పెట్టుకోండి, మీ ఆవిడకు కూడా ఆ టైమే చెప్పండి. మెంబరయ్యాక ఫార్మింగ్ అనే విద్యతో జాగ్రత్త. మూలికలు నాటితే అసలు గడియారం ప్రకారం 80 నిమిషాలకు పంటకొస్తాయి, మీరు ఆటలో లేకపోయినా పెరుగుతాయి. వినడానికి సౌకర్యమే. ఆచరణలో ప్రతి గంటన్నరకూ జేబులోంచి ఫోన్ తీయిస్తుంది, అదీ డ్యూటీలో. ఉద్యోగం ఉన్నవాడు దాన్ని ఆఖర్న నేర్చుకోవాలి. ఫోన్‌లో ఈ ఆట పెట్టుకోవాలా వద్దా అన్నది కూడా ఈ కోణంలోంచే ఆలోచించుకోండి. నన్నడిగితే మొదటి నెల వద్దు.

ఆటలో మార్పులు ఓటింగుతోనే జరుగుతాయని మీ ఫ్రెండు గొప్పగా చెబుతాడు. నిజమే, కొత్త విద్యలాంటి పెద్ద మార్పుకు ఇప్పుడు 70 శాతం ఓట్లు రావాలి, ఒకప్పుడైతే 75. 2019లో వార్డింగ్ అనే విద్య 66 శాతం దగ్గర ఆగిపోయింది, రాలేదు. కంపెనీ ఇష్టారాజ్యం సాగకపోవడం మంచిదే. కానీ ఓటేసేవాళ్లంతా పాతకాపులు. వాళ్లకు అలవాటైన కష్టం కొత్తవాళ్లకూ ఉండాలని వాళ్ల పంతం. మీకు కొన్ని చోట్ల "ఇదింత చెత్తగా ఎందుకుంది?" అనిపిస్తుంది. చాలాసార్లు జవాబు అదే, మెజారిటీకి అలాగే కావాలి.

చివరగా మోసాల సంగతి. ఉచిత వరల్డుల్లో బాట్లు (మనిషి బదులు ప్రోగ్రాం ఆడించే అకౌంట్లు), మోసగాళ్లు ఎక్కువ. గ్రాండ్ ఎక్స్ఛేంజ్ చుట్టూ నిలబడి "నీ డబ్బు రెట్టింపు చేసిస్తా" అని అరిచేవాళ్లు కనిపిస్తారు. మొదటిసారి నిజంగానే చేసిస్తారు, రెండోసారి పెద్ద మొత్తం పెట్టగానే మాయం. "నాతో రా, మంచి చోటు చూపిస్తా" అని ఉత్తరం వైపు తీసుకెళ్లేవాళ్లూ ఉంటారు. అటు కందకం దాటితే వైల్డర్‌నెస్, అక్కడ ఆటగాళ్లు ఆటగాళ్లను చంపొచ్చు, మీ ఒంటి మీదున్నదాంట్లో ఎక్కువ భాగం వాళ్లపాలు. దాటబోతుంటే ఆటే హెచ్చరిస్తుంది, చదవకుండా నొక్కకండి. "ఆట మానేస్తున్నా, ఆస్తంతా పంచేస్తున్నా" అంటూ యూట్యూబ్‌లో కనబడే లైవ్‌ల కింద లింకులు దొంగవి, అక్కడ పాస్‌వర్డ్ కొడితే అకౌంటు వాళ్లదే. లాగిన్‌కు ఫోన్‌లోని కోడ్ అడిగే అథెంటికేటర్, ఆటలోని బ్యాంకుకు పిన్ నంబరు, ఈ రెండూ వంటవాడి కేకుకు గుడ్డు ఏరకముందే పెట్టేసుకోండి. పాస్‌వర్డ్ మాత్రం మీ ఫ్రెండుకు కూడా ఇవ్వొద్దు, "నీ బదులు నేను లెవల్ పెంచిపెడతా" అని కచ్చితంగా అడుగుతాడు.